మూడుసార్లు తీసిన ఒక సీనియర్ పోర్ట్రెయిట్

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే కుటుంబాలకు నేను ఫొటోలు తీస్తాను. ఏటా జూన్ నుంచి నవంబరు దాకా నా పనిలో ఎక్కువ భాగం హైస్కూల్ సీనియర్లదే. ఈ కేసు కొన్నేళ్ల కిందటిది. ఆ అమ్మాయి, వాళ్లమ్మ ఇద్దరూ రాయడానికి ఒప్పుకున్నారు. అయినా గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "85 కొనాలా, 135 కొనాలా" అని (ఇవి మిల్లీమీటర్లలో లెన్స్ ఫోకల్ లెంగ్తులు; అంకె పెద్దదైతే దూరంగా ఉన్నది అంత దగ్గరగా కనపడుతుంది). ఈ అమ్మాయి ఫొటోలు తీసేదాకా నేనూ అలాగే ఆలోచించేవాణ్ణి. ముందు లెన్స్ ఎంచుకుని, దానికి తగ్గట్టు ఎక్కడో ఒకచోట నిలబడేవాణ్ణి. ఇప్పుడు ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకుని, ఆ తర్వాత లెన్స్ తీస్తున్నాను. ఆ మార్పు ఎలా వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

నేపథ్యం

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో పన్నెండో తరగతిని సీనియర్ ఇయర్ అంటారు, మన ఇంటర్ రెండో సంవత్సరం లాంటిది. ఆ ఏడాది పిల్లలకు ప్రత్యేకంగా ఫొటోలు తీయించడం ఇక్కడి ఆనవాయితీ. ఇయర్‌బుక్‌లో, అంటే స్కూల్ ఏటా వేసే ఫొటోల పుస్తకంలో వచ్చే ఫొటో చాలా స్కూళ్లలో ఒప్పందం ఉన్న స్టూడియోయే తీస్తుంది. అందరికీ ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్, అమ్మాయిలకు భుజాల చుట్టూ కప్పే నల్లటి డ్రేప్, అబ్బాయిలకు టక్సీడో. మాలాంటివాళ్లు తీసేది మిగతాది: గ్రాడ్యుయేషన్ కార్డు మీద వేసుకునేది, హాల్లో గోడకు పెట్టుకునేది, అమ్మమ్మకీ నాయనమ్మకీ పంపేది. రెండు మూడు జతల బట్టలు, ఒకటో రెండో లొకేషన్లు, సూర్యాస్తమయానికి ముందు గంటన్నర.

జులైలో వాళ్లమ్మ ఫోన్ చేశారు. అమ్మాయికి పదిహేడేళ్లు, స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. టెక్సస్‌లో మార్చింగ్ బ్యాండ్ అంటే చిన్న విషయం కాదు. ఆగస్టు ఎండలో రోజూ గంటల తరబడి ప్రాక్టీస్ చేస్తారు, ఆటల్లో ఆడినవాళ్లలాగే వీళ్లూ లెటర్ జాకెట్ (స్కూల్ పేరులోని అక్షరం కుట్టిన జాకెట్) సంపాదించుకుంటారు. అమ్మాయికి ఆ జాకెట్‌తో, క్లారినెట్‌తో ఫొటోలు కావాలి. అమ్మకు లంగా ఓణీలో కావాలి, ఎందుకంటే ఆ పట్టు లంగా, ఓణీ అమ్మమ్మ ఇండియాలో దగ్గరుండి నేయించి పంపింది. "పాప ఫొటోకి నిలబడదండీ, ఎలాగోలా నవ్వించండి" అన్నారు. అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే: కళ్ళజోడు తీయదు. పవర్ మైనస్ ఆరు దాకా ఉంది.

ఫొటోకి ఎందుకు నిలబడదు అని ఆ రోజు నేను అడగలేదు. అడిగి ఉంటే మొదటిసారే సగం పని అయిపోయేది.

మొదటి ప్రయత్నం: 135, 35

నా బాడీ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్. ఆ రోజు 135 ఎఫ్/1.8 మెయిన్ లెన్స్‌గా, చుట్టుపక్కల వాతావరణం కూడా కనపడే ఫొటోలకు 35 ఎఫ్/1.4 తీసుకెళ్లాను. ఎఫ్ అంకె లెన్స్ లోపలి రంధ్రం, అంటే అపర్చర్ సైజు చెబుతుంది; అది ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, ఫోకస్‌లో ఉండే లోతు అంత తక్కువ. అలా ఎంచుకోవడానికి నా దగ్గర కారణం ఉంది. అంతకు రెండు వారాల ముందు ఒక ఫుట్‌బాల్ కుర్రాడికి 135తో తీసినవి చాలా బాగా వచ్చాయి. పైగా ఇక్కడి పార్కుల్లో ఎటు చూసినా వెనక పార్కింగ్ లాట్, ఇళ్ల కప్పులు, కరెంటు స్తంభాలే. లాంగ్ లెన్స్ వెనక ఉన్నదాంట్లో చిన్న ముక్కను మాత్రమే ఫ్రేమ్‌లోకి తీసుకుంటుంది, దాన్నీ మెత్తగా కరిగించేస్తుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. నేను లెక్కలోకి తీసుకోనిది ఆ పిల్లను.

నిలువు ఫ్రేమ్‌లో తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త చోటుతో రావాలంటే 135తో ఏడున్నర మీటర్లు వెనక్కి జరగాలి. ఆగస్టు సాయంత్రం, చెట్ల నిండా కీచురాళ్ల రొద, పక్కన రోడ్డు. నేను చెప్పే ప్రతి మాటా అరిచి చెప్పాల్సి వచ్చింది. "గడ్డం కొంచెం కిందికి నాన్నా" అనే మాటను మెల్లగా చెబితే అది సాయం. అదే మాట ఏడు మీటర్ల నుంచి అరిస్తే తప్పు పట్టినట్టు ఉంటుంది. నా వెనక నిలబడ్డ వాళ్లమ్మ "అంకుల్ ఏమంటున్నారో విను, నవ్వు, నవ్వు" అని అందుకునేవారు. ఫుట్‌బాల్ కుర్రాడికి మైదానంలో కోచ్ అరుపులు అలవాటే, వాడికి ఆ దూరం ఇబ్బంది కాలేదు. ఈ అమ్మాయి మాత్రం భుజాలు బిగించుకుని, పెదాలు మూసి, ఎవరో తనను పరీక్షిస్తున్నట్టు నిలబడింది. ఫొటోలు టెక్నికల్‌గా నిక్కచ్చిగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు.

ఇరవై నిమిషాల తర్వాత విషయం అర్థమై 35కి మార్చాను. దగ్గరికి వెళ్లి మాట్లాడితే తెరుచుకుంటుందని నా ఆలోచన. అది నిజమైంది కూడా. బ్యాండ్ గురించి అడిగాను. క్లారినెట్ మూతి దగ్గరుండే పలచని పుల్ల, రీడ్, విరిగిపోయిన రోజు ఏం చేసిందో చెబుతూ పకపకా నవ్వింది. ఆ నవ్వులన్నీ తొంభై సెంటీమీటర్ల నుంచి, కొన్ని అరవై నుంచే తీశాను. కెమెరా వెనక స్క్రీన్ మీద నాకు నవ్వులే కనపడ్డాయి.

వారం తర్వాత గ్యాలరీ పంపాను. 62 ఫొటోల్లో ఆమె రెండే ఎంచుకుంది, ఆ రెండూ ముఖం సరిగ్గా కనపడనివి. ఫోన్‌లో అడిగితే చాలా సేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది నేను కాదు అంకుల్. నా ముక్కు ఎప్పుడూ ఇలాగే వస్తుంది. అందుకే ఫొటోలు వద్దన్నాను" అంది.

అసలు ఏం జరిగింది

ఆ రాత్రి ఫైళ్లన్నీ మళ్లీ చూశాను. ముక్కు కొన నుంచి చెవుల దాకా ముఖం లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 60 సెంటీమీటర్లలో ఉంటే చెవులు 72లో ఉంటాయి. అంటే చెవులతో పోలిస్తే ముక్కు ఇరవై శాతం పెద్దగా పడుతుంది. రెండు మీటర్ల నుంచి అయితే ఆ తేడా ఆరు శాతం. దీనికి 35 అనే అంకెతో సంబంధం లేదు. అదే 60 సెంటీమీటర్ల నుంచి ఏ లెన్స్‌తో తీసినా ముఖం ఆకారం అదే. 35తో ముఖం ఫ్రేమ్ నిండాలంటే అంత దగ్గరికి వెళ్లక తప్పదు, అంతే.

ఆమె విషయంలో ఇంకొకటి తోడైంది. మైనస్ పవర్ అద్దాలు వెనకున్న కళ్లను చిన్నవిగా చూపిస్తాయి. పవర్ ఎక్కువైతే తల కొంచెం తిప్పినా, అద్దంలోంచి కనపడే చెంప అంచు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. దగ్గర దూరం ముక్కును పెంచింది, అద్దాలు కళ్లను తగ్గించాయి. రెండూ ఒకే ముఖంలో కలిశాయి. ఫోన్ సెల్ఫీలో జరిగేదీ ఇదే: వైడ్ లెన్స్, చెయ్యి చాచినంత దూరం. పన్నెండేళ్ల వయసు నుంచి ఆ పిల్ల తన ముఖాన్ని ఆ దూరం నుంచే ఎక్కువసార్లు చూసుకుంది. అద్దంలో కనపడేది వేరు, ఫోన్‌లో కనపడేది వేరు. ఆమె ఫోన్‌నే నమ్మింది. నేనూ నా కెమెరాతో దాన్నే రుజువు చేసి పంపాను. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఎడిటింగ్‌లో ముక్కు తగ్గించేయొచ్చు, రెండు నిమిషాల పని. చేయలేదు. నేను తగ్గిస్తే "నీ ముక్కు నిజంగానే పెద్దది, అందుకే సరిచేశాను" అని చెప్పినట్టు అవుతుంది. పదిహేడేళ్ల పిల్లకు ఆ మాట నా నుంచి వెళ్లకూడదనుకున్నాను. డబ్బులు తీసుకోకుండా మళ్లీ తీస్తానని వాళ్లమ్మకు చెప్పాను.

రెండో ప్రయత్నం: 85 ఎఫ్/1.4

సెప్టెంబరులో అరగంట, వాళ్ల ఇంటికి దగ్గర్లోని పార్కులో. 35కీ 135కీ మధ్య 85 కదా అని అద్దెకు 85 ఎఫ్/1.4 తెచ్చాను. నడుము నుంచి పైకి తీయడానికి సుమారు రెండు మీటర్లు సరిపోతుంది, మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. దూరం విషయంలో నా అంచనా తప్పలేదు. ముఖం ముఖంలా వచ్చింది, ఆమె కూడా తేలిగ్గా మాట్లాడింది.

కానీ డబ్బు పెట్టి ఎఫ్/1.4 తెచ్చాను కదా అని ఎఫ్/1.4లోనే తీశాను. వెనక ఇళ్లు కనపడకుండా పోవాలన్న పాత భయం కూడా ఉంది. రెండు మీటర్ల దగ్గర 85 ఎఫ్/1.4కి ఫోకస్‌లో ఉండే లోతు అయిదు సెంటీమీటర్లకు మించదు. ఇంకాస్త దగ్గరికి, 1.6 మీటర్లకు వస్తే మూడే. కెమెరా కంటిని పట్టుకున్నట్టు పెట్టె చూపిస్తుంది, చాలాసార్లు పట్టుకున్నది కళ్ళజోడు ఫ్రేమ్‌ని. ఫ్రేమ్ మీద అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా, కంటిపాప మసకగా వచ్చిన ఫొటోలు పన్నెండు లెక్కపెట్టాను. తల కొంచెం తిప్పితే రెండో కన్ను పోయింది.

లంగా ఓణీ ఫొటోలు ఇంకా నష్టపోయాయి. జూకాలు మసక, వడ్డాణం మసక, భుజం మీంచి జారిన పైట మీది జరీ అంచు పసుపు చారలా మిగిలింది. వాళ్లమ్మ ఫొటోలు చూసి చాలా మర్యాదగా "బాగున్నాయండీ. అమ్మకి పంపాలి కదా, అంచు కనపడితే బాగుండు" అన్నారు. అమ్మమ్మ ఆ అంచు కోసమే కదా మగ్గం దగ్గరికి వెళ్లి కూర్చుంది. దాన్ని కరిగించేసి బ్యాక్‌గ్రౌండ్ అందంగా ఉందంటే ఎవరికి కావాలి? ఆమె అన్నది పూర్తిగా న్యాయం.

మూడో ప్రయత్నం: ముందు దూరం

అక్టోబరు మొదటి వారానికి అపాయింట్‌మెంట్ పెట్టుకున్నాం. ఈసారి లెన్సులు పక్కన పెట్టి, కాగితం మీద రెండు గీతలు గీశాను. మామూలు గొంతుతో మాట్లాడితే ఆమెకు వినపడాలి, కాబట్టి మూడు మీటర్లు దాటకూడదు. ముఖం ఆకారం నిలవాలి, కాబట్టి మీటరున్నర కంటే దగ్గరికి పోకూడదు. మీటరున్నర నుంచి మూడు మీటర్లు. ఈ చోటులోంచి ఏ ఫ్రేమ్‌కు ఏ లెన్స్ సరిపోతుందో చూశాను.

నిలువెత్తు ఫొటోకు 85 అయితే 4.7 మీటర్లు కావాలి, అది గీత దాటింది. 50 అయితే 2.8 మీటర్లు, సరిపోయింది. నడుము పైకి 85, రెండు మీటర్ల నుంచి. తల, భుజాలు మాత్రమే కావాలంటే 85తో 1.4 మీటర్లకు వెళ్లాలి, అది కొంచెం ఎక్కువ దగ్గర. అక్కడ 1.6 నుంచే తీసి తర్వాత కొద్దిగా క్రాప్ చేద్దామనుకున్నాను. ఇప్పటి కెమెరాల మెగాపిక్సెళ్లకు అది పెద్ద నష్టం కాదు. 70-200 జూమ్ లెన్స్‌ను వందకు పెట్టి తీయొచ్చు కదా అనొచ్చు. తీయొచ్చు, కానీ ముఖానికి ఎదురుగా అంత పెద్ద గొట్టం పెడితే మొహమాటస్తులు మళ్లీ బిగుసుకుపోతారు. 85 ఎఫ్/1.8 చిన్నది, తేలిక. నా సొంతది అప్పటికే అల్మారాలో ఉంది. నాది ఫుల్ ఫ్రేమ్, పెద్ద సెన్సర్. అంతకంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ బాడీ వాడేవాళ్లు ఈ లెన్స్ అంకెలను సుమారు ఒకటిన్నరతో భాగించుకోవాలి. 85 పనికి ఫుజీ 56, 50 పనికి 33 లేదా 35 సరిపోతాయి.

కెమెరా బయటికి తీసేముందు ఒక పని చేశాను. ఆమె ఫోన్ తీసుకుని చెయ్యి చాచినంత దూరం నుంచి ఒక ఫొటో తీశాను. రెండు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి, ముఖం అంతే సైజులో ఇంకొకటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె ఒకటి తర్వాత ఒకటి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది. "సేమ్ ఫేస్?" అంది. "సేమ్ ఫేసే అమ్మా, నేను నిలబడిన చోటు మారింది" అన్నాను. ఆ మధ్యాహ్నం నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నా నమ్మకం. భరోసా మాటలు వంద చెప్పినా రానిది ఆ రెండు ఫొటోలతో వచ్చింది.

లంగా ఓణీతో మొదలుపెట్టాం. ఎఫ్/4. రెండు మీటర్ల దగ్గర 85కి దాదాపు 13 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది: కళ్లు, జూకాలు, భుజం మీది అంచు, అన్నీ అందులో పడతాయి. మరి వెనక ఇళ్ల సంగతి? దానికి అపర్చర్‌ను కాక ఆమె నిలబడే చోటును మార్చాను. చెట్లకు ఆనించి నిలబెట్టకుండా పది మీటర్లు ముందుకు తెచ్చాను. వెనకది అంత దూరంలో ఉంటే ఎఫ్/4లో కూడా తగినంత మెత్తబడుతుంది. ఇళ్లు కనపడకుండా కెమెరాను రెండడుగులు పక్కకు జరిపి, ఒక లైవ్ ఓక్ మానును వెనక్కి వచ్చేలా చూసుకున్నాను. ఇన్నాళ్లూ లెన్స్ చేత చేయించాలనుకున్న పని రెండడుగులతో అయిపోయింది.

వాళ్లమ్మకు వెలుగును ముఖం మీదికి మళ్లించే రిఫ్లెక్టర్ ఇచ్చి నా పక్కన, కెమెరా ఎత్తులో నిలబెట్టాను. ఇంతకుముందు నా వెనక నుంచి వచ్చిన "నవ్వు" ఇప్పుడు లేదు. చేతికి పని దొరికింది కాబట్టి ఆవిడా కుదుటపడ్డారు. అమ్మాయి చూపు అమ్మ వైపు వెళ్లినా లెన్స్ దగ్గరే ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది నుంచి పెడితే అద్దాల్లో తెల్లటి మచ్చ కనపడింది, పక్కకు జరిపాం. కళ్ళజోడు కాడలను చెవుల మీద కొద్దిగా పైకి లేపితే అద్దాలు కిందికి వంగి ఆకాశం ప్రతిబింబం పోతుంది. తలను పక్కకు తిప్పించకుండా దాదాపు ఎదురుగానే ఉంచాను, చెంప అంచు నొక్కుకుపోకుండా.

నిలువెత్తువి 50తో తీశాను. వైడ్ వైపు వెళ్తున్నాం కాబట్టి కెమెరాను కంటి ఎత్తు నుంచి నడుము ఎత్తుకు దించాను. పై నుంచి తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తాయి, లంగా కుచ్చిళ్ల అందమంతా పోతుంది.

తర్వాత జాకెట్, క్లారినెట్. వాయిస్తున్నట్టు పెడితే క్లారినెట్ కింది కొస కెమెరా వైపు చాలా ముందుకు వస్తుంది, ఎఫ్/4 లోతుకు కూడా పూర్తిగా అందదు. భుజానికి ఏటవాలుగా ఆనించి పట్టుకోమన్నాను. వాద్యం, ముఖం ఇంచుమించు ఒకే దూరంలోకి వచ్చాయి, ఎఫ్/2.8 చాలింది.

చివరి పది నిమిషాలకు కారులోంచి 70-200 తెచ్చాను. ఇది నా గీతకు బయటి లెన్స్, పదకొండు మీటర్లు. కానీ ఇప్పుడు ఆమెకు నా మాటలు వినపడాల్సిన అవసరం లేదు. "హాఫ్‌టైమ్‌లో వాయించేది వాయిస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి రా" అన్నాను, అంతే. ఎనిమిదేసి అడుగులు లెక్క తప్పకుండా, నన్ను మర్చిపోయి నడిచింది. మొదటి రోజు 135 ఎందుకు విఫలమైందో నాకు అక్కడ పూర్తిగా తెలిసింది. చేయడానికి పని ఉన్న మనిషిని ఎంత దూరం నుంచైనా తీయొచ్చు. ఊరికే నిలబడమన్న మనిషి దగ్గర మాత్రం మనం ఉండాలి.

ఫలితం, ఆ తర్వాత

మూడోసారి 48 ఫొటోలు ఇచ్చాను. ఆమె 21 ఎంచుకుంది, అందులో సగానికి పైగా ముఖం దగ్గరగా ఉన్నవే. గ్రాడ్యుయేషన్ కార్డుకు జాకెట్ ఫొటో, అమ్మమ్మకు లంగా ఓణీది. అంచు కోసం ఆ ఫొటోను పెద్ద సైజులో ప్రింట్ చేయించి పంపారట.

నా పద్ధతిలో మారినవి కొన్ని. మొదటి ఫోన్ కాల్‌లోనే పిల్లలతో విడిగా రెండు నిమిషాలు మాట్లాడి, "నీ ఫొటోల్లో నీకు నచ్చనిది ఏంటి" అని అడుగుతున్నాను. పది మందిలో ఏడెనిమిది మంది ముక్కో, దవడో, నుదురో చెబుతారు. అవన్నీ సెల్ఫీ దూరం నుంచి పుట్టినవే కావచ్చు, కాకపోవచ్చు. అడగకుండా తెలియదు. ఇంకొకటి, మొహమాటస్తులకు సెషన్‌ను 50, 85 దూరాల్లోనే మొదలుపెట్టి, లాంగ్ లెన్స్ ఎప్పుడు తీసినా చివరికే ఉంచుతున్నాను. ఆటల పిల్లలకు క్రమం తిరగేస్తాను, వాళ్లు దూరం నుంచి మొదలైతేనే హాయిగా ఉంటారు. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లు అడిగితే 85 ఎఫ్/1.8 ఒకటి, 50 ఎఫ్/1.8 ఒకటి కొనమని చెబుతున్నాను. ఎఫ్/1.4 కోసం అదనంగా పెట్టే డబ్బుతో రిఫ్లెక్టర్, స్టాండ్ వస్తాయి, ఇంకా మిగులుతుంది.

35ను వదిలేయలేదు. ఆటోగ్రాఫులతో నిండిన లాకర్ ముందో, బ్యాండ్ హాల్లోనో మనిషి చుట్టూ చోటు కూడా కథ చెప్పేటప్పుడు అది కావాలి. కానీ రెండు మీటర్ల నుంచి, మనిషిని ఫ్రేమ్ మధ్యకు దగ్గరగా ఉంచి తీస్తాను. ముఖం చిన్నదిగా పడుతుంది, పడనివ్వాలి.

ఏప్రిల్‌లో బ్లూబానెట్ పూలు విరగబూసినప్పుడు ఆమె క్యాప్, గౌను వేసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి తనే ఫోన్ చేసి టైమ్ అడిగింది. పూలు తొక్కకుండా ఉన్న ఖాళీ జాగా చూసుకుని కూర్చుంది, కళ్ళజోడు కాడలు తనే కొంచెం పైకి లేపుకుంది. నేను 85 బిగిస్తుంటే మా ఇద్దరి మధ్య గడ్డిని కళ్లతో కొలిచి, "ఇంకొక్క అడుగు వెనక్కి అంకుల్" అంది.